విజ్జీ కప్పు వెనుక రాజకుమారుడు

విజయనగరం పేరు వినగానే తెలుగువారికి ద్వారం వెంకటస్వామి నాయుడు గారి ఫిడేలు, ఆదిభట్ల నారాయణదాసు గారి హరికథ, గురజాడ అప్పారావు గారి కన్యాశుల్కం స్ఫురిస్తాయి. బలప్రదర్శనల కథలు విన్నవారికి కోడి రామమూర్తి గారు కూడ జ్ఞప్తికి వస్తారు. ఆ పేరుతో క్రికెట్టు ఆటను ముడిపెట్టి తలచేవారు మాత్రం మన ప్రాంతంలో కంటె ఉత్తర హిందూస్థానంలోనే అధికం. అయినప్పటికీ భారతదేశపు విశ్వవిద్యాలయాల విద్యార్థులు ఆడే ఒక పెద్ద క్రికెట్టు పోటీకి విజయనగరం రాజకుమారుని ముద్దుపేరే పెట్టినారు. అదే విజ్జీ కప్పు.

ఆ పోటీ పద్ధతి తెలిస్తేగాని పేరులోని చిత్రం బోధపడదు. విశాఖపట్టణంలో ఏ.వి.ఎన్. కళాశాలలోనో మరొక కళాశాలలోనో చదివే పిల్లవాడు మొదట తన కళాశాల జట్టులో చోటు సంపాదించుకోవాలి. కళాశాలల మధ్య జరిగే పోటీలలో రాణిస్తే వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం జట్టు ఎంపికకు పిలుపు వస్తుంది. ఆ జట్టు దక్షిణ జోన్‌లోని తక్కిన విశ్వవిద్యాలయాలతో తలపడుతుంది. అక్కడ పరుగులు తీసినవారిలోను, వికెట్లు పడగొట్టినవారిలోను మేటివారిని ఏరి దక్షిణ జోన్ విశ్వవిద్యాలయాల జట్టును కూరుస్తారు. ఉత్తర, పశ్చిమ, తూర్పు జోన్ల జట్లు కూడ ఇట్లే ఏర్పడతాయి. ఆ జోన్ల జట్లు ఒకదానితో ఒకటి ఆడే పోటీయే విజ్జీ కప్పు. అమెరికాలో కళాశాలలు ప్రాంతాలవారీగా కూటములు కట్టి, బాస్కెట్‌బాల్ ఆటలో కూటమి విజేతను తేల్చుకొనే ఆచారానికి ఇది దగ్గరి చుట్టం. మనవారికి బంతి చిన్నది, ఆటకు పట్టే కాలం పెద్దది, అంతే భేదం.

ఈ దారిలో మెట్టుమెట్టుకూ పరీక్ష ఉంది. తండ్రి ఆస్తికి, ఇంటిపేరుకు, సిఫారసు ఉత్తరానికి స్కోరు పుస్తకంలో గడులు లేవు. అటువంటి పోటీకి, భారత జట్టు నాయకత్వాన్ని ధనంతోను పలుకుబడితోను సంపాదించుకొన్నాడని క్రికెట్టు చరిత్రకారులు ముక్తకంఠంతో చెప్పే మనిషి పేరు ఎట్లా తగును? ఆయన జీవితంలో ఆ పేరు పెట్టినవారు పొరపడినారని తోచే పుటలు కొన్ని ఉన్నవి. పొరపడలేదని తోచే పుటలు కూడ కొన్ని ఉన్నవి. రెంటినీ చదవవలసిందే.

పూసపాటి విజయ ఆనంద గజపతిరాజు 1905 డిసెంబరు 28న జన్మించాడు. తండ్రి విజయనగర సంస్థానాధీశుడు విజయరామ గజపతిరాజు. విజయనగరం ఆనాడు విశాఖపట్టణం జిల్లాలో భాగం. అది ప్రత్యేక జిల్లా అయినది 1979లో. 1922లో తండ్రి మరణించగా సంస్థానం అగ్రజుడు అలక నారాయణ గజపతికి సంక్రమించింది. రెండవ కుమారునికి గద్దె లేదు, మహారాజకుమార్ అనే బిరుదు ఉంది, కాశీలో వంశానికి చెందిన ఆస్తులు ఉన్నాయి. యువకుడు కాశీకి తరలిపోయాడు. అజ్మీరులోని మేయో కళాశాలలోను, ఇంగ్లండులో హేలీబరీ విద్యాలయంలోను చదివినవాడు కనుక దొరల ఆటలన్నీ అలవడినవి. టెన్నిస్ బాగా ఆడేవాడు. వేట అంటే ప్రాణం. క్రికెట్టు మీద మక్కువ వేటను మించినది. దురదృష్టవశాత్తు ఆ మక్కువకు సరిపడిన నేర్పు ఆయన చేతిలో లేదు. ఆ లోటును పూడ్చటానికి ఆయన చేసిన ప్రయత్నాలే తక్కిన కథ అంతా.

1926లో ఆయన స్వంతంగా ఒక జట్టును కూర్చుకొని, కాశీలో తన భవనం ఆవరణలోనే మైదానం సిద్ధం చేయించాడు. దేశంలో ఎక్కడ మంచి ఆటగాడు ఉన్నాడని విన్నా పిలిపించేవాడు. ఇండోరు నుంచి ముష్తాక్ అలీ అనే బాలుడిని కాశీకి రప్పించి, తన ఇంట ఉంచి, ఆటలో తరిఫీదు ఇప్పించాడు. ఆ బాలుడే ముందుముందు కోట్లాది ప్రేక్షకుల అభిమానాన్ని చూరగొన్నాడు. ముష్తాక్ పేరు ఇక్కడ గుర్తుంచుకోవటం మంచిది. మాంచెస్టరులో మళ్ళీ వస్తుంది.

1930–31లో ఇంగ్లండు నుంచి రావలసిన ఎం.సి.సి. జట్టు రాలేదు. దేశంలో శాసనోల్లంఘన ఉద్యమం సాగుతున్న రోజులవి. పర్యటన రద్దయితే విజ్జీ దానిని అవకాశంగా మార్చుకొన్నాడు. ఇంగ్లండు మేటి బ్యాట్స్‌మెన్లయిన జాక్ హాబ్స్‌ను, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌ను తన ఖర్చుతో రప్పించి, వారితో కలిపి జట్టు కట్టి హిందూస్థానం, సింహళం తిరిగాడు. అప్పటికి హాబ్స్ వయస్సు 48 సంవత్సరాలు. పర్యటనలకు సుముఖుడు కాడు. అటువంటివానిని ఒప్పించటం డబ్బు ఒక్కదానితో జరిగే పని కాదు. మనుష్యులను ఒప్పించే నేర్పు విజ్జీకి పుష్కలంగా ఉండేది. తరువాత కొన్నేండ్లకు వెస్టిండీసు వీరుడు లియరీ కాన్‌స్టంటైన్‌ను కూడ ఆయన పిలిపించాడు. పుస్తకాలలో బొమ్మలు చూచి మురిసిన మన కుర్రవాళ్ళు ఆ మహామహులను పక్కన నిలుచుండి చూడగలిగినది ఈ రాజకుమారుని చలవ వల్లనే.

భారత జట్టు 1932లో మొదటిసారిగా టెస్టు ఆడటానికి ఇంగ్లండు వెళ్ళినపుడు, విజ్జీ క్రికెట్టు బోర్డుకు 50,000 రూపాయలు విరాళం ఇచ్చాడు. ఉపనాయకునికి ఉపనాయకుడు అనే పదవి ఒకటి ఆయనకు లభించింది. ఆరోగ్యమూ ఆటా సరిగా లేవని చెప్పి ఆయన వెళ్ళలేదు. ఆ పర్యటన నాయకుడైన పోరుబందరు మహారాజు తన ఆట తనకు తెలిసిన బుద్ధిమంతుడు కనుక టెస్టునాడు పక్కకు తప్పుకొని సి.కె. నాయుడుకు పగ్గాలు ఇచ్చాడు. జూన్ 25న లార్డ్స్ మైదానంలో భారత జట్టును నడిపినవాడు నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబపు బిడ్డ. పోరుబందరు చూపిన వివేకం నాలుగేండ్ల తరువాత మరొక రాజకుమారునికి కలిగి ఉంటే భారత క్రికెట్టు చరిత్రలో ఒక మచ్చ తగ్గేది.

ఆ నడుమ కాలంలో విజ్జీకి పాటియాలా మహారాజుకు పోటీ పెరిగింది. వైస్రాయి లార్డ్ విల్లింగ్డన్ మెప్పు కోసం ఇద్దరూ ప్రయత్నించారు. విశాఖపట్టణం రేవును 1933 డిసెంబరు 19న ప్రారంభించిన వైస్రాయి ఈయనే. ఢిల్లీలోని ఫిరోజ్‌షా కోట్లా మైదానంలో విల్లింగ్డన్ పేర ప్రేక్షకశాల కట్టించటానికి విజ్జీ ధనం ఇచ్చాడు. 1934లో రాష్ట్రాల మధ్య జాతీయ పోటీ ఏర్పడినపుడు కప్పుకు రంజీ పేరు పెట్టాలని పాటియాలా, విల్లింగ్డన్ పేరు పెట్టాలని విజ్జీ పట్టుపట్టారు. చివరకు రంజీ పేరే నిలిచింది. కప్పు మీద ఎవరి పేరు ఉండాలనే తగవులో ఓడినవాని పేరే మరొక కప్పు మీదికి ఎక్కుతుందని నాడు ఎవరు ఊహించగలరు?

రాజుల మధ్య ఈ తగవు జరిగిన మరుసటి సంవత్సరమే, 1935–36లో, ఏ ఆర్భాటమూ లేకుండా మరొక పోటీ పుట్టింది. కీర్తిశేషుడైన కుమారుడు రోహింటన్ బారియా జ్ఞాపకార్థం ఒక తండ్రి ఇచ్చిన కప్పు కోసం విశ్వవిద్యాలయాలు క్రికెట్టు ఆడటం ఆరంభించినవి. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విద్యార్థులు 1827 నుంచి ఆడుకొంటున్న ఆట మన దేశంలో అన్ని విశ్వవిద్యాలయాలకూ అందుబాటులోకి వచ్చింది. బొంబాయి విద్యార్థులు ఆ పోటీలో చిరకాలం ఏకచ్ఛత్రంగా ఏలినారు. బొంబాయి విశ్వవిద్యాలయానికి నాయకత్వం వహించిన పాలీ ఉమ్రిగర్, 1948లో వెస్టిండీసు మీద విశ్వవిద్యాలయాల ఉమ్మడి జట్టు పక్షాన శతకం చేసి దేశం దృష్టిలో పడినాడు. 1959–60లో దిలీప్ సర్దేశాయి ఆ పోటీలో 435 పరుగులు చేసి, మరుసటి సంవత్సరం పాకిస్తాన్ జట్టుపై విశ్వవిద్యాలయాల పక్షాన ఆడి టెస్టు జట్టుకు దారి వేసుకొన్నాడు. ఈ యువకులకు వైస్రాయి మెప్పుతో పని లేకపోయింది.

ఇక 1936. ఇంగ్లండు పర్యటనకు మొదట నాయకుడుగా ఎంపికైన పటౌడీ నవాబు అనారోగ్య కారణంగా తప్పుకొన్నాడు. నాయకత్వానికి నాయుడు, విజ్జీ పోటీ పడినారు. ఆటను బట్టి చూస్తే అది పోటీయే కాదు. ఓట్లు విజ్జీకి పడినవి.

ఆ వేసవిలో జరిగినది విన్నప్పుడు నేటికీ మనస్సు కష్టపడుతుంది. జట్టు రెండు వర్గాలుగా చీలింది. నాయకునికి ఆప్తులైనవారు ఒక వైపు, నాయుడును గౌరవించేవారు మరొక వైపు. 1933లో బొంబాయిలో భారతదేశానికి తొలి టెస్టు శతకం సాధించిన లాలా అమరనాథ్ ఈ పర్యటనలో మహోన్నతంగా ఆడుతున్నాడు. ఎసెక్స్ జట్టు మీద ఒకే ఆటలో రెండు శతకాలు చేశాడు. లార్డ్స్‌లో మైనర్ కౌంటీల జట్టుతో జరిగిన ఆటలో బ్యాటు పట్టి సిద్ధంగా కూర్చున్నవానిని తరువాత పంపుతాము, మరికొంత తరువాత పంపుతామని వెనుకకు నెట్టినారు. అమరనాథ్ కోపం పట్టలేక పరుషంగా మాట్లాడినాడు. క్రమశిక్షణ పేర అతనిని, మొదటి టెస్టు ఇంకా ఆరంభం కాకముందే, ఓడ ఎక్కించి ఇంటికి పంపివేశారు.

లార్డ్స్ టెస్టులో అమర్‌సింగ్ 6 వికెట్లు పడగొట్టగా భారత జట్టుకు తొలి ఇన్నింగ్సులో 13 పరుగుల ఆధిక్యం దక్కింది. రెండవ ఇన్నింగ్సులో మనవారు 93 పరుగులకే కూలి, 9 వికెట్ల తేడాతో ఓడినారు. ఆ జట్టులో అమరనాథ్ ఉండి ఉంటే అని ఆనాడు అనుకోనివారు లేరు.

రెండవ టెస్టు మాంచెస్టరులో. ఇంగ్లండు 571 పరుగులు చేసింది. మనవారు తొలి ఇన్నింగ్సులో 203 మాత్రమే. రెండవ ఇన్నింగ్సులో విజయ్ మర్చంట్, ముష్తాక్ అలీ మొదటి వికెట్టుకు 203 పరుగులు జోడించారు. ముష్తాక్ 112, మర్చంట్ 114. విదేశాలలో టెస్టు శతకం చేసిన తొలి భారతీయుడు ముష్తాక్. మర్చంటును పరుగుల మధ్య ఔట్ చేయించమని నాయకుడు ముష్తాక్‌కు చెప్పి పంపినాడనీ, ముష్తాక్ ఆ మాట మర్చంటుతోనే చెప్పగా ఇద్దరూ నవ్వుకొని ఆటలో పడినారనీ ఒక కథ బహుళ ప్రచారంలో ఉంది. కాశీలో తాను పెంచిన పిల్లవాడే తన మాట జవదాటినాడు. ఆ జవదాటటమే విజ్జీ జట్టుకు ఆ వేసవిలో దక్కిన గౌరవాన్ని నిలిపింది. ఆట డ్రాగా ముగిసింది. ఓవల్ మైదానంలో జరిగిన మూడవ టెస్టులో నాయుడు 81 పరుగులు చేసినా ఓటమి తప్పలేదు.

మూడు టెస్టులలో కెప్టెన్ చేసిన పరుగులు మొత్తం 33. సగటు 8.25. అత్యధిక స్కోరు 19. ఒక కౌంటీ కెప్టెన్‌కు బంగారు గడియారం బహూకరించి సులువైన బంతులు వేయించుకొన్నాడని కూడ చెప్పుకొనేవారు. ఇటువంటి కథలలో నిజమెంతో, కక్షతో అల్లినదెంతో వేరు చేయటం కష్టం. కాని స్కోరు పుస్తకం కక్ష ఎరుగదు. అదే వేసవిలో బ్రిటిష్ ప్రభుత్వం ఆయనకు సర్ బిరుదు ఇచ్చింది. జట్టు ఓడిపోతుంటే నాయకునికి బిరుదు రావటం ఆ కాలపు విడ్డూరాలలో ఒకటి.

జట్టు తిరిగి వచ్చిన పిమ్మట బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బోమాంట్ అధ్యక్షతన విచారణ జరిగింది. 1937 జనవరిలో సంఘం నివేదిక వచ్చింది. ఫీల్డర్లను నిలపటంలోను, బౌలర్లను మార్చటంలోను విజ్జీకి అవగాహన లేదనీ, బ్యాటింగు వరుసను ఎన్నడూ స్థిరంగా ఉంచలేదనీ సంఘం తేల్చింది. అమరనాథ్ నిర్దోషి అని నిర్ణయించింది. విజ్జీ మళ్ళీ టెస్టు ఆడలేదు. అప్పటికి ఆయన వయస్సు 31 సంవత్సరాలు.

చాలామంది కథ ఇక్కడ ఆపివేస్తారు. ఇక్కడ ఆపటం సులువు, ధర్మం కాదు. అవమానం పొందిన ధనవంతుడు ఆటను విడిచి వేటకు పోయినా, పగబట్టి కూర్చున్నా ఎవరూ ఆశ్చర్యపడరు. విజ్జీ రెండూ చేయలేదు. 1947లో సర్ బిరుదును విడిచిపెట్టాడు. క్రికెట్టు వ్యవహారాలలోకి తిరిగి వచ్చి బోర్డు ఉపాధ్యక్షుడయ్యాడు. 1952లో పాకిస్తాన్ తొలిసారి మన దేశానికి వచ్చి టెస్టులు ఆడినపుడు భారత జట్టు నాయకత్వం అమరనాథ్‌కు తిరిగి దక్కటంలో విజ్జీ చేయూత ఉంది. పదహారేండ్ల క్రితం తానే ఓడ ఎక్కించి పంపిన మనిషికి ఆయన చేయి అందించాడు. ఆ వరుసలో భారత్ 2–1 తేడాతో గెలిచింది.

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆ సంవత్సరమే ఆంధ్ర జట్టు రంజీ పోటీలలో ప్రవేశించింది. 58 ఏండ్ల వయస్సులో సి.కె. నాయుడు దానికి నాయకుడయ్యాడు. దక్షిణ జోన్‌లో క్రికెట్టు విస్తరణకు ఆ రోజులలో పాటుపడినవారిలో విజ్జీ ముఖ్యుడు. ఆయన బోర్డు అధ్యక్షుడుగా ఉన్నది 1954 నుంచి 1957 వరకు. ఆ కాలంలోనే, 1955 నవంబరులో, హైదరాబాదు ఫతేమైదానంలో తెలుగు గడ్డ మీద మొదటి టెస్టు జరిగింది. న్యూజీలండు మీద ఆ ఆటలో ఉమ్రిగర్ 223 పరుగులు చేశాడు. టెస్టులలో భారతీయుడు సాధించిన తొలి ద్విశతకం అది. విశ్వవిద్యాలయాల పోటీల నుంచి వచ్చిన ఆటగాడు, విజయనగరపు వాని అధ్యక్షత కాలంలో, హైదరాబాదులో ఆ ఘనత సాధించటం యాదృచ్ఛికమే కావచ్చు. తలచుకొంటే సంతోషం కలుగుతుంది.

ఉత్తర ప్రదేశ్‌లో క్రికెట్టుకు పునాదులు వేసినవాడు విజ్జీయే. 1956–57లో ఆ రాష్ట్రపు రంజీ జట్టుకు నాయకత్వం వహించమని ఆయన పిలిచినది ఎవరిని? నాయుడును. 1936లో ఎవరిని తప్పించి తాను నాయకుడయ్యాడో ఆ నాయుడునే, 61 ఏండ్ల వయస్సులో. నాయుడు వెళ్ళి ఆడినాడు. ఇద్దరు వృద్ధుల మధ్య పాత కథ ప్రస్తావనకు వచ్చిందో లేదో మనకు అందలేదు. ఒకరు పిలిచారు, మరొకరు వచ్చారు. అంతవరకు లోకానికి తెలుసు.

ప్రభుత్వం ఆయనకు 1958లో పద్మభూషణ్ ఇచ్చింది. రేడియోలో క్రికెట్టు వ్యాఖ్యానం చెప్పటం ఆయనకు మరొక సరదా. 1959లో భారత జట్టు ఇంగ్లండు వెళ్ళినపుడు బి.బి.సి.లో కూడ మాట్లాడినాడు. బ్యాటింగులో వలెనే ఇందులోను కోరిక శక్తిని మించినది. ఆయన వేటాడిన పులుల సంఖ్య మూడు వందలు దాటిందని వినికిడి. తుపాకి దేనికి, ఆయన వ్యాఖ్యానం వినిపిస్తే పులులు విసుగుతోనే చచ్చి ఉంటాయని వెస్టిండీసు ఆటగాడు ఒకరు హాస్యమాడినట్లు క్రికెట్టు లోకంలో చెప్పుకొంటారు. పాపం పులులు!

1960లో ఉపఎన్నికలోను, మళ్ళీ 1962 సాధారణ ఎన్నికలలోను విశాఖపట్టణం నియోజకవర్గం ఆయనను కాంగ్రెసు సభ్యునిగా లోక్‌సభకు పంపింది. కాశీకి వలస పోయిన రాజకుమారుడు పుట్టిన జిల్లాకు ఈ రూపంలో తిరిగి వచ్చాడు. ఆనాటి విశాఖపట్టణానికి రేవు ఉంది, నౌకానిర్మాణ కేంద్రం ఉంది, వాల్తేరులో విశ్వవిద్యాలయం ఉంది. ఉక్కు కర్మాగారం శంకుస్థాపనకు 1971 దాకా ఆగవలసి వచ్చింది. అంతర్జాతీయ క్రికెట్టు ఆ ఊరికి రావటానికి 1988 పట్టింది. టెస్టు ఆట 2016లో వచ్చింది. విజ్జీ అవేవీ చూడలేదు. 1965 డిసెంబరు 2న, అరవై ఏండ్లు నిండటానికి ఇంకా కొన్ని దినాలు ఉండగానే, కాశీలో ఆయన కన్నుమూశాడు.

మరుసటి సంవత్సరం, 1966–67లో, విశ్వవిద్యాలయాల జోన్ల మధ్య పోటీ ఆయన పేర ఆరంభమైంది. అందులో ఆడటానికి కావలసినవి ఏవో ఆయన వద్ద ఉండినవి కావు. ముష్తాక్‌ను కాశీకి పిలిపించిననాడు, హాబ్స్‌ను ఓడ దింపిననాడు, ముసలి నాయుడుకు కబురు పంపిననాడు ఆయన వద్ద ఉన్నది వేరు: ఆడగలవారిని గుర్తించి, వారికి చోటు కల్పించాలనే తపన. తానే ఆడాలనే వ్యామోహం అడ్డు రానంతవరకు ఆ తపన భారత క్రికెట్టుకు మేలు చేసింది.

నాయుడు 1967 నవంబరు 14న ఇండోరులో మరణించాడు. ఆరేండ్లు గడిచిన తరువాత, 1973–74లో, యువకుల జాతీయ పోటీ ఒకటి ఆయన పేర మొదలైంది. విశాఖపట్టణం కళాశాలలో చదివే కుర్రవాడు ఆంధ్ర పక్షాన నాయుడు కప్పుకు, దక్షిణ జోన్ పక్షాన విజ్జీ కప్పుకు అర్హత సంపాదిస్తే, ఆ ఇద్దరి పేర్లూ తన బయోడేటాలో ఒకదాని కింద ఒకటి వ్రాసుకొంటాడు.